గావోకావో ఇంగ్లీషు ప్యాసేజీలు: చైనా హైస్కూలు విద్యార్థి చేత సాధన ఎలా చేయించాలి

మీరు చైనాలో ఉద్యోగం చేస్తున్నప్పుడో చదువుకుంటున్నప్పుడో, పక్కింటివారో తోటి ఉద్యోగో వచ్చి ‘మా అబ్బాయికి కాస్త ఇంగ్లీషు చెప్పగలరా’ అని అడిగారనుకోండి. ఆ పిల్లవాడు హైస్కూల్లో ఉన్నాడంటే, వారు కోరుతున్నది ధారాళంగా మాట్లాడించడం కాదని ముందే గ్రహించాలి. జూన్ నెలలో జరిగే గావోకావో అనే కళాశాల ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు ప్యాసేజీలు చదివి, వాటి కింది ప్రశ్నలకు జవాబులు తప్పకుండా గుర్తించగలగాలన్నదే వారి కోరిక. 2024లో ఈ పరీక్షకు 1 కోటి 34 లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. ఎంసెట్, జేఈఈ రాసే పిల్లలున్న ఇళ్లను చూసినవారికి ఆ ఇంటి వాతావరణాన్ని వేరే వర్ణించనక్కర్లేదు.

ఆ సాధనను ఏ వరుసలో, ఏ పద్ధతిలో చేయించాలో ఇక్కడ వివరిస్తున్నాను. పద్ధతి అంతా ఒకే నియమం మీద నడుస్తుంది. విద్యార్థి తాను గుర్తించిన ప్రతి జవాబుకూ ప్యాసేజీలో ఏ వాక్యం సాక్ష్యమో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే, జవాబు సరైనదే అయినా, ఆ ప్రశ్న అతనికి ఇంకా రాలేదనే లెక్క వేయాలి.

1. ముందు ప్రశ్నపత్రాన్ని మీరు చదవండి

గావోకావో అన్నిచోట్లా ఒకే ప్రశ్నపత్రంతో జరగదు. గ్వాంగ్‌డాంగ్, జియాంగ్సూ, జెజియాంగ్, షాన్‌డాంగ్ వంటి అనేక ప్రావిన్సుల్లో ఇంగ్లీషుకు జాతీయ మొదటి పత్రం ఇస్తారు. జాతీయ రెండో పత్రం నిర్మాణమూ ఇలాంటిదే. బీజింగ్, షాంఘై, తియాన్‌జిన్ నగరాలు మాత్రం తమ పత్రాలను తామే తయారు చేసుకుంటాయి. కాబట్టి విద్యార్థి ఏ ప్రావిన్సులో పరీక్ష రాస్తాడో మొదటి రోజే అడగండి. షాంఘై విద్యార్థికి గ్వాంగ్‌డాంగ్ పత్రంతో సాధన చేయిస్తే సగం శ్రమ వృథా అవుతుంది.

జాతీయ పత్రంలో ఇంగ్లీషుకు 150 మార్కులు, సమయం 120 నిమిషాలు. వినికిడి భాగానికి 30 మార్కులు, చదివి అర్థం చేసుకునే భాగానికి 50, క్లోజ్ పరీక్షకూ (ప్యాసేజీలోని ఖాళీలకు ఆప్షన్ల నుంచి తగిన పదాన్ని ఎంచుకునేది) వ్యాకరణ ఖాళీలకూ కలిపి 30, రాతపనికి 40 ఉంటాయి. మనకు కావలసిన 50 మార్కులలో నాలుగు ప్యాసేజీలకు 15 ప్రశ్నలు, ‘చీ షువాన్ వూ’ (ఏడు వాక్యాల్లో అయిదింటిని ఎంచుకుని ఖాళీలు నింపడం) అనే భాగానికి 5 ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు రెండున్నర మార్కులు. క్లోజ్ పరీక్షలో ఒక ఖాళీకి ఒక్క మార్కే కనుక, ప్యాసేజీలో ఒక ప్రశ్న పోయిందంటే అక్కడ రెండున్నర ఖాళీలు పోయినట్టే. తక్కువ కాలంలో మార్కులు పెరగవలసిన విద్యార్థికి ముందుగా ప్యాసేజీల సాధన చేయించమనడానికి కారణం ఇదే.

నాలుగు ప్యాసేజీలూ ఒకే స్వభావం గలవి కావు. మొదటిది సాధారణంగా ప్రకటనో, మ్యూజియం సమాచారమో, యాత్రా కార్యక్రమమో అయి ఉంటుంది. దీనికి మూడు ప్రశ్నలుంటాయి, మిగతా మూడింటికీ నాలుగేసి. రెండోది ఎక్కువగా ఒక వ్యక్తి అనుభవాన్ని చెప్పే కథనం. మూడు, నాలుగు ప్యాసేజీలలో విజ్ఞానం, సమాజం, పరిశోధన ఫలితాలు వంటి విషయాలపై వివరణో వాదనో ఉంటుంది. పిల్లలు భయపడేది ఈ నాలుగోదానికే. ఇవన్నీ చాలావరకు ఇంగ్లీషు మాతృభాషగా గల దేశాల పత్రికల నుంచి తీసుకుని, పరీక్షకు తగినట్టు కుదించినవే.

2. లోపం ఎక్కడుందో గుర్తించండి

పాత గావోకావో పత్రాలను విద్యార్థులు జెన్‌తీ అంటారు. నిజంగా పరీక్షలో వచ్చినవని ఆ మాటకు భావం. ఒక జెన్‌తీ నుంచి మూడో ప్యాసేజీని తీసి, గడియారం చూడకుండా చేయమనండి. తరువాత దిద్దకుండానే, ఒక్కో పేరాలో ఏముందో ఒక్కో వాక్యంలో చెప్పించండి. చైనీస్‌లో చెప్పినా ఫరవాలేదు. మీకు ఆ భాష రాకపోతే చేతనైన ఇంగ్లీషులో చెప్పమనండి, వ్యాకరణ దోషాలను మాత్రం అప్పుడు సరిచేయకండి.

ఇప్పుడు ఫలితాన్ని మూడు రకాలుగా చూడవచ్చు. పేరాల సారం చెప్పలేక, తెలియని పదాల కింద గీతలు నిండిపోతే లోపం పదసంపదలో ఉంది. పదాలన్నీ తెలిసి కూడా ఎవరు ఎవరికి ఏం చేశారో తారుమారుగా చెబితే వాక్యనిర్మాణంలో ఉంది. సారమంతా చక్కగా చెప్పి, ఆప్షన్ల దగ్గర తప్పితే లోపం ప్రశ్నను చదివే తీరులో ఉంది. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. అయినా బళ్లలోనూ ఇళ్లలోనూ మూడింటికీ ఇచ్చేది ఒకటే, ఇంకో పది ప్యాసేజీలు. నా ఉద్దేశంలో వాక్యం విప్పుకోలేని విద్యార్థికి అదనంగా ఇచ్చే ప్రతి ప్యాసేజీ అతని పాత పొరపాటునే గట్టిపరుస్తుంది.

3. పొడవైన వాక్యాలను విప్పించండి

ఇక్కడ తెలుగువారికి ఒక అనుకూలత ఉంది. చైనీస్‌లో ఒక నామవాచకాన్ని గురించిన వివరణ ఎంత పొడవైనదైనా దానికి ముందే వస్తుంది. ‘నిన్న సంతలో మా నాన్న కొన్న కుండ’ అనడంలో కుండ చివర వచ్చినట్టుగా, చైనీస్‌లోనూ అసలు వస్తువు చివరికే వస్తుంది. ఇంగ్లీషులో కుండ ముందు వచ్చి, కొన్నదెవరో ఎక్కడో ఎప్పుడో ఆ తరువాత వస్తాయి. అందువల్ల చైనా విద్యార్థి వాక్యం మధ్యలో వచ్చే వివరణను కొత్త వాక్యంగా పొరబడతాడు. మనమూ ఇదే దారిలో ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లం కనుక ఆ తడబాటు ఎక్కడ మొదలవుతుందో లోపలి నుంచి గుర్తుపట్టగలం.

వాక్యాన్ని విప్పించే పద్ధతి ఇది. విద్యార్థి ముందుగా ప్రధాన క్రియను వెతకాలి. ‘ద సీడ్స్ కలెక్టెడ్ ఇన్ ఆటమ్ వర్ సోన్ ఇన్ స్ప్రింగ్’ అనే వాక్యాన్ని ఇచ్చి ప్రధాన క్రియ ఏదని అడగండి. చాలామంది ‘కలెక్టెడ్’ అంటారు. విత్తనాలు తమంతట తాము ఏమి సేకరించాయని ఎదురు ప్రశ్న వేయండి. సమాధానం దొరకక వెనక్కి వెళ్లి, ఆ పదం విత్తనాలను వర్ణిస్తోందనీ, అసలు క్రియ తరువాత వచ్చిందనీ తానే కనుక్కుంటాడు. ప్రధాన క్రియ కింద రెండు గీతలు, దాని కర్త కింద ఒక గీత, మిగతా వివరణల చుట్టూ కుండలీకరణాలు పెట్టించండి. తరువాత కుండలీకరణాలను వదిలేసి, మిగిలిన ఎముకల గూడును పైకి చదివించండి.

కాలం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. చైనీస్ క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు. జరిగిపోయిన పని అని తెలపడానికి విడిగా వేరే మాటలుంటాయి. కాబట్టి ‘వుడ్ హావ్ లెఫ్ట్’ అని ఉన్నచోట ఆ మనిషి వెళ్లిపోయాడని విద్యార్థి తేలికగా అనుకుంటాడు, నిజానికి అతడు వెళ్లలేదు. రెండో ప్యాసేజీలోని కథనాలలో ఇలాంటి రూపం కనిపించిన ప్రతిసారీ ‘పని జరిగిందా, జరగలేదా’ అని అడగడం అలవాటు చేయండి.

ఇలా విప్పే వాక్యాలను కొత్త పుస్తకాల నుంచి తెచ్చుకోవలసిన పనిలేదు. నిన్న చేసిన ప్యాసేజీలో అర్థం కాని రెండు మూడు వాక్యాలు చాలు. చైనా బళ్లలో పొద్దున తరగతులకు ముందు పైకి చదివే సమయం ఒకటి ఉంటుంది, దాన్ని జావ్‌దూ అంటారు. విప్పిన వాక్యాన్ని ఆ సమయంలో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ నాలుగైదుసార్లు చదివితే అర్థం విడివిడి పదాలుగా కాక గుంపులుగా అందడం మొదలవుతుంది.

4. పదాలను ప్యాసేజీల నుంచే కూడబెట్టించండి

ఈ విషయంలో విద్యార్థి మీకంటే ముందే ఉండవచ్చు. ‘3500 పదాలు’ అనే జాబితాలు దాదాపు ప్రతి హైస్కూలు విద్యార్థి దగ్గరా ఉంటాయి, అక్షరక్రమంలో బట్టీ పట్టినవారూ ఉంటారు. జాబితాలో తెలిసిన పదం ప్యాసేజీలో తెలియకపోవడమే అసలు చిక్కు. అడ్రస్ అంటే చిరునామా అని నేర్చుకున్నవాడికి, ఒక సమస్యను పట్టించుకుని పరిష్కరించడానికి పూనుకోవడాన్ని కూడా ఆ మాటే చెబుతుందని నాలుగో ప్యాసేజీలో తెలిస్తే అప్పటికే ఆలస్యమవుతుంది. అందుకే పాత పదం కొత్త అర్థంతో కనిపించినప్పుడు దాన్ని ఆ వాక్యంతో సహా రాయించండి. ఒక్కో ప్యాసేజీ నుంచి అయిదారు పదాలకు మించి రాయించవద్దు.

పరీక్షలో తెలియని పదం ఎదురైతే దాని ముందు వెనకలు చూడమనండి. తరువాత వచ్చే ఉదాహరణో, విరుద్ధార్థాన్ని తెచ్చే ‘బట్’ లాంటి మాటో, అదే సంగతిని మరో తీరులో చెప్పే వాక్యమో చాలాసార్లు ఆచూకీ ఇస్తుంది. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, సంస్థల పేర్లు అర్థం కావలసినవి కావు. పెద్ద అక్షరంతో మొదలయ్యే పొడవైన పదాన్ని చూసి ఆగిపోయే పిల్లలకు ఈ ఒక్క మాట చెబితే వేగం కొంత పెరుగుతుంది.

5. ప్రతి జవాబుకూ సాక్ష్యం అడగండి

ప్రశ్నలు నాలుగు రకాలని చైనా ఉపాధ్యాయులు పిల్లలకు ముందే నేర్పి ఉంటారు. వివరం అడిగేవి, ఊహించి నిర్ణయించేవి, ప్యాసేజీ సారాన్నో శీర్షికనో అడిగేవి, పదానికి అర్థం అడిగేవి. విభజన సరైనదే కానీ, రకం గుర్తించినంత మాత్రాన జవాబు రాదు. అసలు సాధన ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూపిస్తాను.

ప్యాసేజీలో ఇలా ఉందనుకోండి. ఒక చిన్న పట్టణంలోని గ్రంథాలయం పుస్తకాలతో పాటు కూరగాయల విత్తనాలను కూడా అరువివ్వడం మొదలుపెట్టింది. పంట వచ్చాక కొన్ని విత్తనాలను తిరిగి తెచ్చివ్వాలన్నది షరతు. మొదటి ఏడాది తెచ్చిచ్చినవారు కొద్దిమందే. అయితే గ్రంథపాలకురాలు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. విత్తనాల కోసం వచ్చినవారిలో చాలామంది అంతకుముందు గ్రంథాలయం గడప తొక్కనివారేనని, వారిలో కొందరు వెళ్లేటప్పుడు చేతిలో పుస్తకంతో వెళ్లారని ఆమె అన్నారు. ఈ పథకాన్ని గురించి గ్రంథపాలకురాలి అభిప్రాయం ఏమిటన్నది ప్రశ్న. ఆప్షన్లు నాలుగు: విత్తనాలు తిరిగి రానందువల్ల పథకం విఫలమైంది, అది గ్రంథాలయానికి కొత్తవారిని తెచ్చింది, పట్టణంలో కూరగాయల ధరలను తగ్గించింది, వచ్చినవారందరినీ పాఠకులుగా మార్చింది.

విద్యార్థి రెండోదాన్ని గుర్తించి, మీరు ‘సరే’ అని తరువాతి ప్రశ్నకు వెళ్లిపోతే సాధన జరగలేదన్నమాట. ముందుగా సాక్ష్యం ఏదని అడగండి. గడప తొక్కనివారు వచ్చారన్న వాక్యాన్ని అతడు చూపించాలి. ఆ తరువాత మిగతా మూడూ ఎందుకు కావో ఒక్కొక్కటిగా చెప్పించండి. మొదటిది ప్యాసేజీలోని ఒక నిజాన్ని తీసుకుని, గ్రంథపాలకురాలు అనని ముగింపును దానికి తగిలించింది. మూడోదానికి ప్యాసేజీలో ఆధారమే లేదు. నాలుగోది ‘కొందరు’ అన్నదాన్ని ‘అందరూ’ చేసింది. మంచి విద్యార్థులు కూడా ఎక్కువగా పడేది ఈ నాలుగో రకం ఉచ్చులోనే, ఎందుకంటే అందులోని పదాలన్నీ ప్యాసేజీలో కనిపించేవే.

ప్రశ్నపత్రం తయారు చేసేవారి అల్లికలో మరో కిటుకు ఉంది. సరైన ఆప్షన్ సాధారణంగా ప్యాసేజీ మాటలను అలాగే తిరిగి చెప్పదు, వేరే మాటల్లో చెబుతుంది. తప్పు ఆప్షన్ మాత్రం ప్యాసేజీలోని పదాలనే ఏరుకుని తెలిసినదానిలా కనిపిస్తుంది. కాబట్టి ‘ఈ పదం పైన ఉంది కదా’ అన్నది కారణంగా చెబితే అంగీకరించకండి. ‘ఈ అర్థం పైన ఉంది’ అని చూపిస్తేనే అంగీకరించండి. సారాన్ని అడిగే ప్రశ్నలో చూపించవలసినది ఒక వాక్యం కాదు. అక్కడ పేరాల మొదటి వాక్యాలనూ, ‘హవెవర్’ వంటి మలుపు మాటల తరువాత వచ్చేదానినీ కలిపి చదివించి, శీర్షిక వాటన్నిటినీ కప్పుతోందా, ఒక మూలనే కప్పుతోందా అని అడగండి.

ఊహించి నిర్ణయించే ప్రశ్నల్లో తెలివైన పిల్లలే ఎక్కువ పోగొట్టుకుంటారు. తమకు తెలిసిన లోకజ్ఞానాన్ని అందులోకి తెస్తారు. పర్యావరణం మీద ప్యాసేజీ వస్తే, బడిలో చదివిన సంగతుల ఆధారంగా జవాబు పెడతారు. ప్యాసేజీ నుంచి ఒక్క అడుగు వేసి అందుకోగలిగినదే ఊహ, రెండో అడుగు వేయాల్సి వస్తే ఆ ఆప్షన్ తప్పని చెప్పండి.

6. తప్పుల పుస్తకాన్ని కారణాలతో నింపించండి

చైనాలో దాదాపు ప్రతి విద్యార్థికీ త్సువోతీబెన్ అనే తప్పుల పుస్తకం ఉంటుంది. తప్పిన ప్రశ్నను కత్తిరించి అతికించి, పక్కన సరైన జవాబు రాసుకుంటారు. లెక్కలకు అది పనికొస్తుందేమో గానీ ప్యాసేజీలకు పనికిరాదు, ఎందుకంటే ఆ ప్రశ్న మళ్లీ రాదు. మళ్లీ వచ్చేది పొరపాటు రకం. అందుకే ప్రశ్నను అతికించడం మాన్పించి, మూడు సంగతులు మాత్రమే రాయించండి. తాను ఎంచుకున్నది ఎందుకు ఎంచుకున్నాడు, సాక్ష్యం ఎక్కడ ఉంది, పొరపాటు పేరేమిటి.

పొరపాట్లకు చైనీస్‌లో పేర్లు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి, బడిలో వాడుకలోనూ ఉన్నాయి. ఒకరు చేసిన పనిని మరొకరికి అంటగట్టే ఆప్షన్‌ను ‘జాంగ్ టోపీ లీ తలకు’ అంటారు. లేనిదాన్ని పుట్టించడం, ఒక భాగాన్ని మొత్తంగా చూపడం, కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేయడం మిగతావి. పేరు పెట్టిన పొరపాటును లెక్కించవచ్చు. నెల తిరిగేసరికి ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో చూసి, తరువాతి నెల సాధనను దాని మీదే పెట్టండి.

7. చీ షువాన్ వూ

ఈ పేరుకు ఏడింటిలో అయిదు ఎంచుకోవడమని భావం. ప్యాసేజీలో అయిదు ఖాళీలుంటాయి, కింద ఏడు వాక్యాలుంటాయి, రెండు మిగిలిపోతాయి. ఇక్కడ ఒక తప్పు ఒంటరిగా రాదు. ఒక వాక్యం వేరొకదాని చోట కూర్చుంటే ఆ రెండో ప్రశ్న కూడా పోయి అయిదు మార్కులు పోతాయి.

వరుసగా నింపవద్దని మొదటే చెప్పండి. ఖాళీకి ముందున్న వాక్యాన్నీ తరువాతి వాక్యాన్నీ చదివి, ఏడింటిలో ‘దే’, ‘దిస్’, ‘సచ్’ వంటి మాటలున్న వాక్యాల కింద గీత గీయాలి. ‘దే’ అన్నప్పుడు అది సూచించే బహువచన నామవాచకం ఖాళీకి ముందు ఉండి తీరాలి, లేకపోతే ఆ వాక్యం అక్కడిది కాదు. ఖచ్చితంగా కుదిరినవి ముందు పెట్టి, అనుమానమున్నవాటిని చివరికి ఉంచాలి. అయిదూ పెట్టాక ఖాళీలు లేనట్టుగా మొత్తాన్ని ఒకసారి చదివి, మిగిలిన రెండు వాక్యాలూ ఎక్కడా కుదరవని నిర్ధారించుకోవాలి. ఈ చివరి పనిని పిల్లలు దాటవేస్తారు, మీరు పక్కన ఉన్నన్నాళ్లూ దాటనివ్వకండి.

8. వారం ఎలా గడపాలి

చైనా హైస్కూలు విద్యార్థికి సాయంత్రం తరువాత కూడా బడిలోనే కూర్చుని చదువుకునే వేళ ఉంటుంది. గావోసాన్, అంటే చివరి ఏడాది, వచ్చేసరికి ఖాళీ అన్నది ఉండదు. అందుచేత మీరు అదనపు పని ఇవ్వకండి, ఉన్న పనినే మార్చండి. బడిలో ఇచ్చిన ప్యాసేజీల్లో వారానికి రెండింటిని తీసుకుని, పైన చెప్పినట్టు లోతుగా విప్పించండి. మిగతావాటిని అతడు బడి పద్ధతిలోనే చేసుకోవచ్చు. ఒక రోజు చీ షువాన్ వూకు కేటాయించండి.

దీనితో పాటు ప్రశ్నలు లేని చదువు కూడా ఉండాలి. 2017లో రూపొంది 2020లో సవరణ పొందిన హైస్కూలు ఇంగ్లీషు పాఠ్యప్రణాళిక ప్రమాణాలు, తప్పనిసరి పాఠాల దశలో వారానికి సగటున 1500 పదాలకు తగ్గకుండా, తరువాతి దశలో 2500 పదాలకు తగ్గకుండా బయటి పుస్తకాలూ పత్రికలూ చదవాలంటాయి. ఒక పరీక్ష ప్యాసేజీ 250 నుంచి 350 పదాల వరకు ఉంటుంది కనుక ఇది మొదటి దశలో నాలుగు నుంచి ఆరు, తరువాతి దశలో ఏడు నుంచి పది ప్యాసేజీల పరిమాణం, ఆదివారం ఒక గంటలో అయ్యే పని. చైనా డైలీ సంస్థ విద్యార్థుల కోసం ప్రచురించే ట్వంటీఫస్ట్ సెంచురీ పత్రిక చాలా బళ్లకు వస్తుంది, అది చాలు. ఈ గంటలో నిఘంటువు తెరవనివ్వకండి.

జెన్‌తీలను పొదుపుగా వాడండి. ఒకసారి చదివిన ప్యాసేజీ మళ్లీ కొత్తది కాదు, ఏడాదికి వచ్చే పత్రాలు కొన్నే. కొత్త పద్ధతి గావోకావో పత్రాలు 2020లో షాన్‌డాంగ్, హైనాన్‌లతో మొదలయ్యాయి కనుక, ఆ తరువాతివాటిలో ఇటీవలి రెండింటిని చివరి రెండు నెలల కోసం ముట్టకుండా ఉంచండి. ప్రైవేటు సంస్థలు తయారు చేసే నమూనా ప్రశ్నలలో కొన్నింటికి సాక్ష్యం సందిగ్ధంగా ఉంటుంది. మీరే జవాబును సమర్థించలేని ప్రశ్న ఎదురైతే దాన్ని కొట్టివేయండి, విద్యార్థి దాని గురించి మనసు పాడు చేసుకోనక్కర్లేదు.

9. గడియారాన్ని చివర తీసుకురండి

సాక్ష్యం చూపించే అలవాటు కుదిరేవరకు సమయం లెక్కించవద్దు. కుదిరాక, మొత్తం ఇరవై ప్రశ్నలకు 35 నుంచి 40 నిమిషాలు లక్ష్యంగా పెట్టండి. మొదటి ప్యాసేజీకి నాలుగైదు, రెండోదానికి ఆరేడు, మూడు నాలుగు ప్యాసేజీలకు ఎనిమిదేసి, చీ షువాన్ వూకు ఏడు నిమిషాలు ఇస్తే కాస్త వెసులుబాటు కూడా మిగులుతుంది. మొదటి ప్యాసేజీలో ప్రశ్న ముందు చదివి ప్రకటనలో వెతకడం మంచిది, కథనాన్ని మాత్రం ముందు పూర్తిగా చదవాలి. నాలుగోదానిలో ఒక ప్రశ్న మూడు నిమిషాలు దాటినా తేలకపోతే, ఉన్నవాటిలో మెరుగైనదాన్ని గుర్తించి, ప్రశ్న సంఖ్య పక్కన చుక్క పెట్టి ముందుకు వెళ్లాలి. చివర 40 మార్కుల రాతపని ఉంది, అందులో ఒక కథ మొదలు చదివి దాన్ని కొనసాగించాల్సిన 25 మార్కుల భాగం కూడా ఉంది. దాని సమయాన్ని ఒక్క రెండున్నర మార్కుల ప్రశ్నకు ధారపోయకూడదు.

ఇంగ్లీషు పరీక్ష జూన్ 8 మధ్యాహ్నం మూడు నుంచి అయిదు గంటల వరకు జరుగుతుంది. మే నెల నుంచి నమూనా పరీక్షను ఆ వేళకే పెట్టండి, భోజనం తరువాత వచ్చే మగతకు శరీరం అలవాటు పడాలి. జవాబులను 2బీ పెన్సిల్‌తో ఓఎంఆర్ పత్రంలో నింపాలి. ఒక్కో ప్యాసేజీ ముగియగానే దాని జవాబులను నింపించండి. ఇరవై ఒకటో ప్రశ్న నుంచి నలభయ్యో ప్రశ్న దాకా అన్నీ ఒకేసారి నింపితే, మధ్యలో ఒక గడి తప్పినప్పుడు దాని తరువాతివన్నీ తప్పుతాయి.